వారంటీకీ ఒక ఊరుంటుంది

ఎనిమిది వేల రూపాయల వాచీ కోసం ఎంత ఖర్చు పెట్టి తిరగొచ్చు? కాశీలో నా స్మార్ట్‌వాచ్ తెర నల్లబడి, ఎంతసేపు చార్జింగ్‌లో పెట్టినా వెలగనప్పుడు ముందు వేసుకున్న లెక్క ఇదే. ధరలో పదో వంతు, అంటే ఎనిమిది వందలు. ఆటో చార్జీలు, కొరియరు, పోయే పూటలు అన్నీ అందులోనే సరిపోవాలి. దాటితే వదిలేయడమే.

వారంటీ ఉంది గానీ చివరి రోజుల్లో ఉంది. మేం విజయవాడలో మా ఇంటికి చేరేసరికి ఏడాది గడువు తీరిపోతుంది. అసలు చిక్కు అదే.

కాశీలో తొమ్మిది నిద్రలు చేయందే కదిలేది లేదని అమ్మ పట్టు. పాండే హవేలీలో గది తీసుకున్నాం. సర్వీస్ సెంటర్ సిగ్రా వైపు ఉందంటే ఫోన్ చేశాను. అక్కడ విప్పి చూడరట, కంపెనీకి పంపుతారట, పది పదిహేను రోజులు పడుతుందట. ఇచ్చేసి వెళ్తే విజయవాడకు పంపే పూచీ వాళ్లది కాదు, మళ్లీ కాశీకే వచ్చి తీసుకోవాలి. దేశమంతా చెల్లుతుందని కార్డు మీద అచ్చేసిన వారంటీ ఆచరణలో ఒక కౌంటరుకు కట్టుబడి ఉంటుంది. ఇచ్చినచోటే పుచ్చుకోవాలి.

అందుకే వాచీ ఇవ్వలేదు, ఫిర్యాదు మాత్రం అక్కడి నుంచే ఇచ్చాను. కంపెనీ యాప్‌లో సీరియల్ నంబరు, బిల్లు ఫోటో, చార్జర్ మీద పెట్టినా వెలగని వాచీ వీడియో. ఫిర్యాదు నంబరు తేదీతో సహా మెసేజ్‌గా వచ్చింది. గడువులో ఫిర్యాదు నమోదైంది కాబట్టి వస్తువు ఆలస్యంగా అందినా వారంటీ కిందే చూస్తారా అని మెయిల్‌లో అడిగి, అవునని రాయించుకున్నాను. పైసా ఖర్చు లేదు.

విజయవాడ సెంటర్లో అబ్బాయి వాచీని అటూ ఇటూ తిప్పి, "లోపలికి నీళ్లు పోయాయి సార్, వారంటీ రాదు" అన్నాడు. అమ్మ ఊరుకోలేదు: "గంగలో మునిగే ముందు నేనే తీయించాను నాయనా, నా కొంగుకే కట్టుకున్నాను." అమ్మ సాక్ష్యం జాబ్ షీట్‌లోకి ఎక్కదు కదా. ఈ నీళ్ల సంగతి కొనేవాళ్లందరూ తెలుసుకోవాల్సిందే. వాచీల మీద రాసే 5 ఏటీఎం అంటే యాభై మీటర్ల లోతు నీటి ఒత్తిడికి పరీక్షలో నిలిచిందని, ఆ లోతుకు దూకమని కాదు. సబ్బు నీళ్లు, వేడి నీళ్లు, కాలం, ఇవన్నీ లోపలి రబ్బరు సీలును వదులు చేస్తాయి. నీళ్లకు తట్టుకుంటుందని పెట్టె మీద పెద్దక్షరాల్లో రాసే కంపెనీలే, తేమ చేరితే బాధ్యత లేదని వారంటీ కాగితంలో చిన్నక్షరాల్లో రాసుకుంటాయి. ఇది వ్యాపారమే అనుకున్నా, నాకు మింగుడు పడదు.

వాదించలేదు. "కుదరదంటే కారణం జాబ్ షీట్ మీద రాసివ్వండి, విప్పి తీసిన ఫోటోలూ ఇవ్వండి" అన్నాను. విప్పకుండానే ఎలా తేల్చారన్నది వేరే ప్రశ్న, దాన్నీ కాగితం మీదే అడిగాను. 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, కాశీలో వచ్చిన ఫిర్యాదు నంబరుతోనే విషయం చెప్పాను. అక్కడా తేలకపోతే జిల్లా కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, వస్తువు ధర అయిదు లక్షలు మించకపోతే ఫీజు లేదు. అంతదాకా పోలేదు. లోపలి బోర్డు చెడిందని తేల్చి, వేరే వాచీ ఇచ్చారు.

పాత వాచీని సెంటర్లో ఇచ్చే ముందు పట్టీ, చార్జరు నా దగ్గరే ఉంచుకున్నాను. ఫోనుతో జోడీ విడదీశాను, లేకపోతే కొత్తది కలవడానికి మరో పూట పోయేది.

ఆటోలకూ ప్రింట్లకూ కలిపి ఎనిమిది వందల్లో సగం కూడా కాలేదు. బదులుగా ఇచ్చిన వాచీకి పాత గడువే వర్తిస్తుందని కాగితంలో ఉంది, అది ఎప్పుడో తీరిపోయింది. కౌంటర్లో ఇంకో ఏడాది పొడిగింపు పథకం అమ్మబోయారు. దాని ధర వాచీ ధరలో ఎనిమిదో వంతు. నిబంధనలు అడిగితే తేమ మినహాయింపు అందులోనూ ఉంది. కొనలేదు.