సోనాపూర్‌లో వెన్న కత్తి

దుబాయి పటంలో సోనాపూర్ అనే పేరు కోసం వెతికితే ముహైస్నా అనే పేరు దగ్గర ఆగాలి. అల్ కుసైస్ దాటాక, షార్జా పొలిమేరకు దగ్గర్లో, వరసలు వరసలుగా లేబర్ క్యాంపులు ఉండే చోటు అది. బంగారు ఊరు అని దానికి హిందీలో పేరు పెట్టిందెవరో గానీ చమత్కారం తెలిసిన మనిషే అయి ఉండాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు పల్లెల్లో ఆ పేరు వినని ఇల్లు తక్కువ. "మావోడు సోనాపూర్‌ల ఉంటడు" అంటే చాలు, ఇంకేమీ అడగరు.

నేను మెట్‌పల్లి దిక్కు వాణ్ణి. ఒక కట్టడాల కంపెనీలో స్టోర్ కీపర్ని. 2013 నుంచీ ఇక్కడే ఉన్నాను. గల్ఫ్ గురించి రాసేవాళ్ళు అప్పుల గురించి రాశారు, ఏజెంట్ల గురించి రాశారు, పెట్టెలో ఇల్లు చేరినవాళ్ళ గురించి రాశారు. అవన్నీ నిజం, ఇంకా రాయాల్సినవే. ఈసారికి మాత్రం మా గదిలోని ఒక చెక్క వెన్న కత్తి గురించి చెప్పనివ్వండి.

"మన ఇళ్ళలో వెన్నకు కత్తి ఎప్పుడుందయ్యా?" అంటారేమో. లేదు. మనకు కవ్వం ఉంది, అమ్మ చెయ్యి ఉంది. చల్ల చిలికాక వెన్న తీసే ముందు అమ్మ చేతిని చల్లటి నీళ్ళలో ముంచేది. తడి చేతికి వెన్న అంటదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

క్యాంపులో వెన్న అంటే ఫ్రిజ్‌లోని గట్టి ముద్ద. మా కంపెనీ బస్సు తెల్లవారుజామున నాలుగున్నరకు కదులుతుంది. ఖుబ్బూస్ మీద ఇంత వెన్న పూసి, చక్కెర చల్లి, చుట్ట చుట్టి కాగితంలో పెట్టుకుంటే అదే పొద్దుటి తిండి. స్టీలు చెంచాతో పూయబోతే చెంచా అంచు ఖుబ్బూస్‌ను చింపేస్తుంది. పూసినదానికంటే చెంచాకు అంటుకున్నదే ఎక్కువ. ఎనిమిది మంది ఉన్న గదిలో, ఒక్క దీపం కింద, అందరూ తొందరలో ఉన్న వేళ, ఆ చిరిగిన ఖుబ్బూస్ మీద తిట్లు రోజూ వినబడేవి.

అప్పుడు మా గదిలో కోరుట్ల వైపు నుంచి వచ్చిన వడ్లాయన ఒకరుండేవారు. నాకంటే పదేళ్ళు పెద్ద. మేమంతా "వడ్లన్నా" అనే పిలిచేవాళ్ళం. తాత తండ్రుల నుంచీ దర్వాజలు, నాగళ్ళు, ఎడ్లబండి చక్రాలు చేసిన ఇల్లు. వీసా మీద కార్పెంటర్ అనే ఉంది. చేసేది షట్టరింగ్. స్తంభానికి, దూలానికి, స్లాబుకు ప్లైవుడ్డుతో పెట్టె కట్టాలి, అందులో కాంక్రీటు పోస్తారు, అది గట్టిపడ్డాక పెట్టెను ఊడదీయాలి. ఒకసారి నాతో అన్నాడు: "తమ్మీ, మా తాత చేసిన దర్వాజలు ఇంకా నిలబడ్డయి. నేను ఈడ పదేండ్లు చేసినయి చూపిద్దామంటే ఒక్కటి లేదు. అన్నీ ఊడగొట్టుడే."

2016లో సెలవు మీద వెళ్ళి వచ్చినప్పుడు పెట్టెలో ఒక ఉలి తెచ్చుకున్నాడు. "చేతులు మర్సిపోతున్నయి" అన్నాడు. ఏం చేయాలన్నది మాత్రం తెలియదు. క్యాంపు గదిలో దర్వాజ చేయలేడు కదా. ఖుబ్బూస్ గొడవ విని, "ఆగుండ్రి, నేనొకటి చేస్త" అన్నాడు.

ఇక చెక్క వేట మొదలైంది. సైటులో చెక్కకు కరువా అనిపిస్తుంది. కానీ నోట్లోకి పోయే తిండికి తగిలే వస్తువుకు అన్ని చెక్కలూ పనికిరావు. షట్టరింగ్ ప్లైవుడ్డు పొరలు పొరలుగా జిగురుతో అంటించింది, పైగా కాంక్రీటు అంటకుండా పూసిన నూనె దానికి పట్టి ఉంటుంది. అది అసలే వద్దు. సరుకు వచ్చే ప్యాలెట్ల మీద అంతర్జాతీయ ముద్ర ఒకటి ఉంటుంది. అందులో ఎచ్.టి. అని ఉంటే చెక్కను వేడి చేసి పురుగు చంపారని, ఎమ్.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించారని అర్థం. స్టోర్ కీపర్ని కనుక అది నాకు తెలుసు. ఎచ్.టి. ముద్ర ఉన్నా, దారిలో ఆ ప్యాలెట్ మీద ఏ రసాయనం ఒలికిందో ఎవరికెరుక? అదీ వద్దన్నాను.

దుబాయి రోడ్ల పక్కన వేపలు చాలా ఉన్నాయి, కొమ్మలు కొట్టేస్తూనే ఉంటారు. "వేప చేదు వెన్నకెక్కుతది" అని వడ్లన్నే కాదన్నాడు. ఖర్జూరం సంగతి సరే సరి, అది నార కట్ట, చెక్క కాదు. ఓ సెలవు రోజున ముష్రిఫ్ పార్కుకు వెళ్ళినప్పుడు ఒక చెట్టు కింద ఆగిపోయాడు. "ఇది మన జమ్మి గాదుర?" అన్నాడు. అవును, జమ్మే. ఇక్కడివాళ్ళు గాఫ్ అంటారు. ఎమిరేట్స్‌కు జాతీయ వృక్షం, 2019ని వాళ్ళు సహన సంవత్సరంగా జరుపుకున్నప్పుడు గుర్తుగా పెట్టుకున్నదీ దాన్నే. మన తెలంగాణ రాష్ట్ర వృక్షమూ అదే. దాన్ని కొట్టడం ఇక్కడ నేరం, మనకు పాపం. కింద రాలిన ఆకులు నాలుగు ఏరి నా చేతిలో పెట్టి, "బంగారం తీస్కో తమ్మీ" అన్నాడు. దసరాకు ఇంకా నాలుగు నెలలుంది. ఇద్దరం నవ్వుకున్నాం, తర్వాత బస్సు వచ్చేదాకా ఎవరమూ మాట్లాడలేదు.

చివరికి అల్ కూజ్‌లో తలుపులు చేసే ఒక కార్ఖానాలో మా ఊరి పిల్లవాడు ఉంటే, అతని ద్వారా బీచ్ చెక్క తునకలు దొరికాయి. సముద్రపు బీచ్ కాదు, యూరప్ చెట్టు పేరు. సన్నటి రంధ్రాల చెక్క, వాసన లేదు, రుచి లేదు. వెన్న పక్కనున్న వాసనను ఇట్టే పీల్చుకుంటుంది కనుక, వాసన లేని చెక్కే కావాలి.

ఆయన చేస్తుంటే చూసి నేర్చుకున్నవి, కొనుక్కునేవాళ్ళకూ పనికొస్తాయని చెబుతున్నాను. ముందు చారలు చూడాలి. అవి పిడి నుంచి కొసదాకా నిలువుగా సాగాలి. మెడ దగ్గర పక్కకు జారిపోతే అక్కడే విరుగుతుంది. అంచు పలచగా ఉండాలి, పదునుగా కాదు. మెరిసే వార్నిష్ ఉంటే వద్దు, అది పెచ్చులు లేచేది తిండిలోకే. గరుకు కాగితంతో ఒకసారి రుద్ది ఊరుకుంటే చాలదు. తడిపి ఆరబెడితే చెక్క మీద నూగు లేస్తుంది, దాన్ని మళ్ళీ రుద్దాలి. వడ్లన్న మూడుసార్లు అలా చేశాడు. మూడోసారి తడిపినా నూగు లేవలేదు. చెంపకు ఆనించి చూసి, "ఇప్పుడైంది" అన్నాడు.

వాడకంలో రెండు సంగతులు. గట్టి వెన్నను కోయడానికి చెక్క కత్తి చాలదు, పూయడానికే. రాత్రి పడుకునే ముందు కావలసినంత వెన్న చిన్న డబ్బాలో తీసి పెట్టుకుంటే, ఏసీ గదిలో తెల్లారేసరికి మెత్తబడుతుంది, కారిపోదు. రెండోది, అమ్మ చేసిన పనే. కత్తిని ముందు చల్లటి నీళ్ళలో ముంచి దులిపితే వెన్న అంటుకోదు.

ఇక కాపాడుకోవడం. ఎనిమిది మందిలో అదే కష్టం. ఒకాయన దాంతో ఆవకాయ కలిపాడు, ఒకాయన రాత్రంతా గిన్నె నీళ్ళలో వదిలేశాడు. అప్పుడు వడ్లన్న అలిగి రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత గోడ మీద మేకు కొట్టి, కత్తికి కన్నం చేసి దారం కట్టి తగిలించాడు. వాడగానే కొంచెం సబ్బుతో కడిగి, తుడిచి, గాలికి వేలాడదీయాలి. బయటి ఎండలో పెట్టినా, ఏసీ గాలికి ఎదురుగా పెట్టినా పగులుతుంది. ఆగస్టు ఉక్కలో తడిగా డబ్బాలో మూసిపెడితే బూజు పడుతుంది. వాసన పడితే ఉప్పూ నిమ్మచెక్కా చాలు. నెలకోసారి నూనె పట్టించాలి గానీ, పల్లీ నూనె, పొద్దుతిరుగుడు నూనె వద్దు. అవి ఆరవు, కొన్నాళ్ళకు కంపు కొడతాయి. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ చెడిపోదు. నాలుగు చుక్కలు రుద్ది, మర్నాడు తుడిచేస్తే సరి.

స్వీడన్ బడుల్లో స్లోయ్డ్ అనే చేతిపని పాఠం ఉంటుందని, పిల్లలు మొదట చేసే వస్తువుల్లో వెన్న కత్తి ఒకటని ఎక్కడో చదివి ఆయనకు చెప్పాను. చాలాసేపు ఊరుకున్నాడు. "బడిల నేర్పుతరా? మా పిల్లగాడు ఉలి వట్టుకుంటే గుంజుకున్న నేను. సదువుకో బిడ్డా, ఈ పని మనతోనే పోనీ అన్న. ఆళ్ళేమో సదువుల వెట్టిండ్రు" అన్నాడు.

2021లో వడ్లన్న క్యాన్సిల్ చేసుకుని వెళ్ళిపోయాడు. ఉలి తీసుకెళ్ళాడు, కత్తి మాకు వదిలాడు. ఇప్పుడు కోరుట్లలో రెడీమేడ్ తలుపులకు బందులు బిగిస్తున్నాడు. కొడుకు హైదరాబాదులో చదువుతున్నాడు. గదిలో అప్పటివాళ్ళం నేనూ ఇంకొకాయనా మిగిలాం. కొత్తగా వచ్చిన పిల్లలకు మేకు మీది కత్తి సంగతి మొదటి రోజే చెబుతాం. అంచు కొంచెం అరిగింది, రంగు తేనెలా ముదిరింది.

పోయిన నెల ఫోన్ చేశాడు. కొడుకు హాస్టల్లో బ్రెడ్డు తింటున్నాడట, సెలవులకు వచ్చి, "నాయినా, నువ్వు దుబాయిల చేసిన కత్తి నాకు చూపియ్యి, నేను చేస్త" అన్నాడట. "కొలతలు మర్సిన తమ్మీ. ఈడ మామిడి చెక్క దొరుకుతది, నడుస్తది గద?" అని అడిగాడు. నడుస్తుందన్నాను, చారలు నిలువుగా ఉన్నది చూసుకొమ్మన్నాను. ఆయన నేర్పిందే ఆయనకు చెబుతున్నానని అప్పుడు తట్టింది. ఆయనకూ తట్టిందేమో, నవ్వాడు.

టేపు తీసి కొలిచి పంపాను. పొడవు ఏడు అంగుళాలు, వెడల్పు అంగుళం, మెడ దగ్గర అర అంగుళం.