వేరే పనిమీద వెళ్తుంటే

యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషి కథ మా మందిరంలో తెలియనివాళ్లు లేరు. సండే స్కూల్లో ఆ నాటకం వేస్తే దెబ్బలు తిన్నవాడి వేషానికే పిల్లలు పోటీలు పడతారు. యాజకుడు చూసి పక్కనుంచి పోయాడు. లేవీయుడూ అంతే. యూదులు దగ్గరికి రానివ్వని సమరయుడు మాత్రం ఆగాడు. గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించుకుని పూటకూళ్ల ఇంట్లో చేర్చాడు. మర్నాడు రెండు దేనారాలు చేతిలో పెట్టి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానని చెప్పి మరీ వెళ్లాడు.

అతని జాలి గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. నన్ను పట్టుకున్నది మాత్రం అతని ప్రయాణం. ఎక్కడికో బయల్దేరిన మనిషి. సరుకు అమ్ముకోవాలో, బాకీ వసూలు చేసుకోవాలో లూకా చెప్పలేదు. ఆ పని ఏదైనా, ఒక రోజు వెనక్కి పోయింది. సాయం చేసే సందర్భం నేను చూసినంతలో ఎప్పుడూ ఇలాగే వస్తుంది. మనం తయారై కూర్చున్న రోజున రాదు. బస్సుకు టైమైపోతుంటే వస్తుంది, చేతిలో వేరే పని ఉన్నప్పుడు వస్తుంది.

మా ఒంగోలు కథే చూడండి. అమెరికా మిషనరీ క్లౌ దొర 1866లో ఈ ఊరికి వచ్చింది వాక్యం చెప్పడానికి. పదేళ్లకు ధాత కరువు వచ్చి పడింది. 1876 నుంచి 1878 దాకా జనం ఆకూ అలమూ తిని, అవీ దొరక్క, దారుల వెంట పడిపోయారు. కరువు పనుల కింద ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. దొర కుర్రతనంలో అమెరికాలో భూములు సర్వే చేసే పనిలో ఉన్నవాడు. ఎప్పుడో వదిలేసిన ఆ విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. బోధకులు మేస్త్రీలయ్యారు. మాదిగపల్లెల నుంచి ఆడా మగా తట్టా పారా పట్టుకుని వచ్చి మట్టి మోశారు, కూలి డబ్బులతో గింజలు కొనుక్కున్నారు, బతికారు.

ఆ కాలువ గట్టు మీదే చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. దొర కరువు తీరేదాకా ఇవ్వనన్నాడు. ఒకటీ రెండూ కాదు, పదిహేను నెలలు ఆ మాట మీదే నిలబడ్డాడు. కూలి ఇచ్చే చేత్తో బాప్తిస్మం ఇస్తే, అడిగింది కడుపో మనసో ఎవరు చెప్పగలరు? కరువు పని ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మావాళ్లు ఈ అంకెను గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. నాకు మాత్రం అంతకంటే గొప్పవి దానికి ముందు గడిచిన ఆ పదిహేను నెలలు. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టి, బదులుగా ఏమీ అడగకుండా ఉండటం విశ్వాసి చేయగలిగిన అతి కష్టమైన పనుల్లో ఒకటి. మన సాక్ష్యాల కూడికల్లో, దేవుడు నాకు ఉద్యోగం ఇచ్చాడు, ఇల్లు ఇచ్చాడు అని ఎన్నో వింటాం. దారిలో ఒకరి కోసం ఆగిపోయానని లేచి చెప్పేవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉంటే బాగుండును.

ఒకసారి చుట్టాల పెళ్లికని తెల్లవారుజామున కాట్పాడిలో దిగాను. స్టేషను బయట మార్కాపురం వైపు ముసలి దంపతులు. ఆయన చంకలో ఎక్స్‌రే కవరు, ఆమె చేతిలో పాత రిపోర్టులు కుక్కిన బట్టలకొట్టు సంచీ. “తల్లీ, పెద్దాసుపత్రికి పొయ్యే బస్సేది? అన్నీ అరవ అచ్చరాలే” అంది ఆమె. బస్సు చూపించి నా దారిన నేను పోవచ్చు. ఇంతలో ఆయన ఫోను నా చేతికిచ్చి మెసేజ్ చదవమన్నాడు. అపాయింట్‌మెంటు ఆ రోజే, ఎనిమిదింటికి. వాళ్లతోపాటు వేలూరు బస్సెక్కాను. ఒక కిటికీ దగ్గర నుంచి ఇంకో కిటికీకి పంపుతుంటే కాగితాలు పట్టుకుని తిరిగాం. డాక్టరు పిలిచేసరికి అక్కడ ముహూర్తం దాటిపోయింది. నేను లేచి వస్తుంటే ఆమె కొంగుముడి విప్పి, తిరుపతి లడ్డు ముక్క నా అరచేతిలో పెట్టింది. మా ఇళ్లలో ప్రసాదం తినరు. ఆమె దగ్గర ఇవ్వడానికి ఉన్నది అదే. రెండు చేతులా తీసుకుని అక్కడే నోట్లో వేసుకున్నాను.

ఆ వేలూరు ఆసుపత్రి పుట్టిందీ అనుకోని పిలుపులోనే. ఐడా స్కడర్ అమెరికా నుంచి వచ్చింది జబ్బుపడిన తల్లిని చూసుకోవడానికి. ఇక్కడ ఉండిపోవాలన్న ఆలోచనే ఆమెకు లేదు. తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు, పురిటి కష్టంలో ఉన్న భార్యల కోసం ఆమెను పిలిచారు. ఆమె డాక్టరు కాదు. డాక్టరైన ఆమె తండ్రిని, మగవాడని, వాళ్లు రానివ్వలేదు. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆ రాత్రి ఆమె చేయగలిగింది ఏమీ లేదు. తిరిగెళ్లి 1899లో వైద్యం పట్టా పుచ్చుకుని, 1900లో తిరిగొచ్చి ఆ ఆసుపత్రికి పునాది వేసింది. ఆ ముగ్గురికి అందని సాయం తర్వాత ఎన్ని లక్షలమందికి అందిందో! మన రాయలసీమ, నెల్లూరు, ప్రకాశం ఇళ్లలో వేలూరు వెళ్లిరాని కుటుంబాలు ఎన్నుంటాయి?

ఇప్పుడు చట్టం కూడా ఆ సమరయుడి పేరే పెట్టుకుంది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లను ఆదుకున్న మనిషిని వేధించకుండా 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు ఆమోదం తెలిపింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను చేరింది. మంచి మనసుతో సాయపడినవాళ్ల మీద కేసు పెట్టకూడదు, పేరు చెప్పి తీరాలని బలవంతం చేయకూడదు. పోలీసుల గొడవ మనకెందుకని తప్పుకునేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

అందుకే ఈ వేసవి సెలవుల బైబిలు బడి (వి.బి.ఎస్.)లో సమరయుడి నాటకం అయ్యాక ఇంకో అరగంట ఇమ్మని పాస్టరుగారిని అడిగాను. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఎలా అదిమి పట్టాలి, 108కి ఫోన్ చేసి చోటు ఎలా చెప్పాలి, పడిపోయినవాళ్లను ఎప్పుడు కదపకూడదు, ఇవన్నీ పిల్లల చేత చేయించి చూపించాలి. ఆయన సరేనన్నారు. మా సంఘంలో నర్సుగా రిటైరైన అక్కయ్యగారు వచ్చి నేర్పుతానన్నారు.