పళ్ళు పులిశాయి

మా ఇంట్లో పులుపు లేని పూట ఉండదు. మా తాతగారు నెల్లూరు నుంచి మద్రాసు వచ్చి జార్జిటౌన్‌లో కాపురం పెట్టినప్పుడు వెంట తెచ్చుకున్న ఆస్తి ఒక చింతపండు కుండేనని మా నాయనమ్మ నవ్వుతూ చెప్పేది. మద్రాసు చెన్నై అయింది, మేము మైలాపూరు చేరాం, నాలుగో తరం కూడా వచ్చింది. చేపల పులుసు, గోంగూర, మామిడికాయ పప్పు మాత్రం అలాగే ఉన్నాయి. అయితే ఈసారి నేను చెప్పబోయే తప్పు వాటిది కాదు, నాది.

నేను రోజూ నాగేశ్వరరావు పార్కులో నడుస్తాను. అమృతాంజనం, ఆంధ్రపత్రిక పెట్టిన మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరుతో ఉన్న పార్కే. అక్కడ నడిచే ఆడవాళ్ళందరూ పరగడుపున గోరువెచ్చని నీళ్ళలో నిమ్మరసం, తేనె తాగుతారు. నేనూ మొదలుపెట్టాను. 2020లో కరోనా వచ్చింది. రోగనిరోధక శక్తి పెరుగుతుందని ఏడేళ్ళ మనవరాలికి కూడా రోజూ ఒక టంబ్లర్ ఇచ్చాను. అప్పుడే దానికి పాలపళ్ళు ఊడి ముందుపళ్ళు వస్తున్నాయి. అది బొమ్మలు చూస్తూ అరగంటసేపు చప్పరించేది. తాగడం అవగానే, "నోరంతా పుల్లగా ఉంటుంది, పోయి బాగా తోముకో" అని నేనే పంపేదాన్ని. ఇలా నాలుగేళ్ళు.

2024 ఎండాకాలంలో ఒకరోజు, "నాయనమ్మా, ఐస్ తింటే పల్లు కూసుతోంది" అంది. మా పిల్లల తెలుగు అట్లాగే ఉంటుంది, సగం తమిళం. "పళ్ళు జివ్వుమంటున్నాయి అనాలే" అని దిద్దాను గానీ, ఎందుకు జివ్వుమంటున్నాయో ఆలోచించలేదు.

పంటి డాక్టరమ్మ చూసి, పుచ్చు లేదంది. కానీ పై ముందుపళ్ళ అంచులు గాజులాగా పారదర్శకంగా ఉన్నాయి, దవడపళ్ళ మీద చిన్న చిన్న గుంటలు పడ్డాయి. "సోడా, కూల్‌డ్రింకులు తాగుతుందా?" అని అడిగింది. లేదన్నాం. "మరి పొద్దున్నే ఏం తాగుతావమ్మా?" అంటే పిల్ల గర్వంగా, "నాయనమ్మ నిమ్మరసం ఇస్తుంది" అంది. కోడలు నా వైపు చూసింది, ఒక్క మాటా అనలేదు. ఏదైనా అని ఉంటేనే బాగుండేదనిపించింది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. పంటి పైపొర ఎనామెల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. మన ఒంట్లో అంతకన్నా గట్టిది లేదు. అయినా అత్యంత మందంగా ఉన్నచోట కూడా రెండున్నర మిల్లీమీటర్లే. అందులో ప్రాణమున్న కణాలు ఉండవు కాబట్టి ఒకసారి పోతే ఎముకలాగా మళ్ళీ పెరగదు. నోటిలో పీహెచ్ సుమారు 5.5 కన్నా దిగితే అది కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2కి, 3కి మధ్య ఉంటుంది. ఒక అంకె తగ్గితే పులుపు పదింతలు పెరిగినట్టు. నీళ్ళు కలిపినా ఆ పులుపు చాలినంత మిగులుతుంది. పుచ్చు పురుగుల పని, అంటే సూక్ష్మజీవులు తీపిని తిని వదిలే ఆమ్లం పని. ఈ అరుగుదలకి సూక్ష్మజీవులు అక్కర్లేదు, పులుపే నేరుగా కరిగిస్తుంది. కొత్తగా వచ్చిన పళ్ళు ఇంకా పూర్తిగా గట్టిపడవు కాబట్టి పిల్లలకి మరీ ముప్పు.

నన్ను బాగా కుదిపింది తోమడం సంగతి. పులుపు తగలగానే పైపొర కాసేపు మెత్తబడుతుంది. మెల్లిగా లాలాజలం అందులోని కాల్షియం, ఫాస్ఫేట్లతో దాన్ని మళ్ళీ గట్టిపరుస్తుంది. ఆ లోపే బ్రష్ పెడితే మెత్తబడిన పొరని మనమే గీకేసినట్టు. నేను రోజూ చేయించింది అదే.

ఇంటికొచ్చాక నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమె పొద్దున్నే ఒక్కసారి వేపపుల్లతో తోముకునేది. పులుసన్నం తిన్నా చివర్లో పెరుగన్నం తినకుండా లేచేది కాదు. లేవగానే పెరట్లోకి పోయి మూడుసార్లు నీళ్ళు పుక్కిలించేది. అన్నంలో కలిసి, రెండు పూటలా భోజనంతో పోయే పులుపు వేరు, అరగంటసేపు చప్పరించే పులుపు వేరు అని ఇప్పుడు అర్థమైంది. అలాగని పాతవన్నీ మంచివని కాదు. తాతగారు గరుకు కచ్చికతో తోమీ తోమీ పళ్ళు అరగదీసుకున్నారు.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. పొద్దున్నే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో, మెత్తటి బ్రష్‌తో తోమడం. నిమ్మరసం పరగడుపున మానేశాం. ఎప్పుడైనా తాగితే భోజనంతో, చప్పరించకుండా. వెంటనే మంచినీళ్ళతో పుక్కిలించాలి, కనీసం అరగంట, వీలైతే గంట దాకా బ్రష్ ముట్టకూడదు. చింతపండు మిఠాయి బుగ్గన పెట్టుకోవడం లేదు. తరచూ పుల్లటి తేన్పులు వచ్చేవాళ్ళు డాక్టరుకి చెప్పాలి, ఎందుకంటే కడుపులో ఆమ్లం నిమ్మకన్నా ఘాటు.

పోయిన ఎనామెల్ రాదు. ఉన్నది నిలిచిందని మొన్న చూపిస్తే డాక్టరమ్మ చెప్పింది. ఉగాది పచ్చడి తిన్నాక పిల్ల పరుగెత్తి పుక్కిలించి వచ్చి, "నాయనమ్మా, పళ్ళు పులిశాయి" అంది. ఆ మాట నేను నేర్పిందే. ఇంకో టంబ్లర్ నీళ్ళు దాని చేతికిచ్చాను.