కలా వెవ కట్ట మీద తెలుగు మాట

ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో కుర్చీకి అంటుకుపోయిన నాలాంటివాణ్ణి సైకిలెక్కి పరాయి దేశం చూడమంటే నవ్వొచ్చింది. కానీ మా అమ్మాయి పట్టు వదల్లేదు. శ్రీలంకలో గైడును తోడిచ్చి, సైకిళ్ల మీద పల్లెలూ పాత రాజధానులూ చూపిస్తారని ఎక్కడో చదివింది. మొన్న ఫిబ్రవరిలో చెన్నై నుంచి కొలంబోకి విమానంలో, అక్కణ్ణుంచి అనురాధపురానికి వ్యానులో చేరాం. మేం ఎనిమిది మందిమి, ముందు గైడు, వెనక మంచినీళ్లూ మందులూ స్పేర్ ట్యూబులూ ఉన్న వ్యాను. అలసిపోతే అందులో ఎక్కొచ్చు. నేను రెండుసార్లు ఎక్కాను, దాచేదేముంది!

మొదటి రోజు అనురాధపురం. నేల చదును, దారి పొడుగునా చెట్ల నీడ. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో బుద్ధగయ నుంచి తెచ్చి నాటిన బోధి కొమ్మ ఇప్పటికీ అక్కడ చిగురు వేస్తూనే ఉంది. దాని ముందు చెప్పులు విడిచి నిలబడితే మనసు దానంతటదే నెమ్మదిస్తుంది. మన నాగార్జునకొండ మీద మూడో శతాబ్దంలోనే సింహళ భిక్షువులకు ఒక విహారం ఉండేదని శాసనం చెబుతుంది. ఆ రాకపోకల రెండో కొస చూస్తున్నాననిపించింది.

మర్నాడు జయగంగ కాలువ గట్టున కలా వెవకు బయల్దేరాం. సింహళంలో వెవ అంటే చెరువు. అయిదో శతాబ్దంలో ధాతుసేన మహారాజు తవ్వించిన ఈ చెరువు నీటిని, సుమారు 87 కిలోమీటర్ల ఈ కాలువ అనురాధపురానికి చేరుస్తుంది. మొదటి 17 మైళ్లలో దాని వాలు మైలుకు ఆరంగుళాలేనట. మన సైకిలు అటు వంగిందో ఇటు వంగిందో కూడా తెలియదు, నీళ్లకు మాత్రం తెలుసు. ఇరువైపులా వరిచేలు, కొంగలు, తామర గుంటలు, బడి నుంచి వచ్చే తెల్లబట్టల పిల్లలు.

కట్ట మీద గైడు ఒక కథ చెప్పాడు. ధాతుసేనుణ్ణి కొడుకు కాశ్యపుడే బంధించి, నిధి ఎక్కడ దాచావని అడిగాడట. ముసలి రాజు ఈ చెరువుకు వచ్చి, దోసిట్లోకి నీళ్లు తీసుకుని, నా ఆస్తంతా ఇదేనన్నాడట. కొడుక్కి కోపం వచ్చి తండ్రిని చంపించాడు. బి.కాం. చదివి, జీవితమంతా ఆస్తులూ అప్పులూ లెక్కలు వేసినవాణ్ణి. ఆస్తి అంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పిన మాట ఎక్కడా వినలేదు.

ఎండ మండిపోతోంది. ‘‘అమ్మా, ఆ నీళ్ల సీసా ఇటివ్వు’’ అన్నాను. కట్ట పక్కన చెట్టు కింద కూర్చున్న ముసలాయన గబుక్కున తిరిగి, ‘‘నీళ్లా?’’ అన్నాడు.

ఆయన అహికుంటిక తెగవాడని గైడు చెప్పాడు. అహి అంటే పాము. పాములాడించి, చేయి చూసి జోస్యం చెప్పి, ఊరూరా గుడారాలు వేసుకుని బతికినవాళ్లు. ఇప్పుడు తంబుత్తేగమ దగ్గర కుడాగమ లాంటి ఊళ్లలో స్థిరపడ్డారు. వాళ్ల ఇంటి భాష తెలుగు! యాస వేరు, మధ్యలో సింహళం దొర్లుతుంది. అయినా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. మనవలు బడిలో సింహళం చదువుతున్నారనీ, ఇంట్లో కూడా అదే మాట్లాడుతున్నారనీ ఆయన అన్నాడు. నేను తెలుగులో అడిగితే తమిళంలోనో ఇంగ్లీషులోనో బదులిచ్చే మా అమ్మాయి, ఆయన్ని ‘‘తాతా’’ అని పిలిచి అరగంట తెలుగులోనే మాట్లాడింది. ఆయన మాటల్ని పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. తెలుగు అక్షరాలు దానికి రావు.

తరవాత కాశ్యపుడు కట్టించిన సిగిరియా కొండకోట ఎక్కాం. చివరగా వ్యానులో కాండీ వెళ్లాం. 1739 నుంచి 1815 దాకా కాండీని ఏలినవాళ్లు తెలుగు మూలాలున్న నాయక వంశీయులు. వాళ్లలో ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహను ఇంగ్లీషువాళ్లు వేలూరుకు పంపేశారు. 1832లో అక్కడే పోయాడు. వేలూరు బ్రాంచిలో పనిచేసిన మూడేళ్లూ పాలారు ఒడ్డున ఆయన సమాధి పక్కనుంచే వెళ్లేవాణ్ణి, ఒక్కసారీ ఆగలేదు. సింహాసనం ఎక్కినవాళ్లు వెళ్లిపోయారు, గుడారాల్లో బతికినవాళ్ల నోట తెలుగు ఆ దీవిలో నిలిచింది.

రెండేళ్లు లావాదేవీ లేకపోతే బ్యాంకులో ఖాతాను నిష్క్రియ ఖాతాల్లో చేరుస్తాం. సొమ్ము ఎక్కడికీ పోదు గాని, ఖాతాదారు వచ్చి అడిగితేగాని అది కదలదు. ఆ ముసలాయనకు అక్షరం నేర్పే తెలుగు బడి లేదు. మా ఇంటికి రెండు వీధుల అవతల మన సంఘం ఆదివారం తరగతి ఉంది. నేను మా అమ్మాయిని ఒక్క వారమైనా తీసుకెళ్లలేదు. తప్పు నాదే.

వెళ్లదలచినవారు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లండి. అనుమతి పత్రాలు ముందే చూసుకోండి. టోపీ, నూలు బట్టలు మరవకండి. నెల రోజులు ముందుగా ఇంటి దగ్గరే సైకిలు తొక్కండి. మేమిద్దరం తిరిగొచ్చాక కూడా తొక్కుతున్నాం, ఆదివారం పొద్దున్న, ఆ తరగతి దాకా.