సమాధి మీద చెరిపిన మాట

అబ్దుస్ సలాం పేరెత్తగానే మావాళ్ళలో కొందరి ఛాతీ ఉప్పొంగుతుంది. కొందరు 'ఖాదియానీ గదా' అని గొంతు తగ్గిస్తారు. ఆయన చేసిన ఫిజిక్సు ఇద్దరికీ తెలీదు. ఆర్ట్సు చదివి పత్రికల్లో పడ్డ మాకూ అది అంతంత మాత్రమే. కానీ ఆయన బతుకు మాత్రం మాకు బాగానే అర్థమవుతుంది.

పంజాబులోని ఝంగ్‌లో పెరిగారు. లాహోరులో చదివేటప్పుడే, 1943లో, మన రామానుజన్ వదిలివెళ్ళిన ఒక లెక్కకు సులువైన దారి చూపి అచ్చేశారు. కేంబ్రిడ్జి చదువయ్యాక 1951లో లాహోరుకు తిరిగొచ్చి పాఠాలు చెప్పబోతే, కాలేజీలో ఫుట్‌బాల్ జట్టును చూసుకోమన్నారు. 1953లో ఆ ఊళ్ళోనే అహ్మదీయుల మీద అల్లర్లు లేచాయి. మరుసటేడు మళ్ళీ కేంబ్రిడ్జి దారి పట్టారు.

తెల్లారకముందే లేచి, ఖురాన్ పఠనం రికార్డు పెట్టుకుని లెక్కలు చేసుకునేవారట. సరదాకి పి.జి. వుడ్‌హౌస్ హాస్య నవలలు చదివేవారు. మొదటి భార్య తన బిరాదరీ అమ్మాయి, రెండో భార్య ఇంగ్లండు శాస్త్రవేత్త లూయీస్ జాన్సన్. ఖురాన్, వుడ్‌హౌస్, లెక్కల కాగితాలు ఒకే గదిలో ఇమిడాయి. ఇందులో ఏది అసలు సలాం అని అడిగితే ఏం చెబుతాం?

విద్యుదయస్కాంత బలమూ, అణుకేంద్రకంలోని బలహీన బలమూ ఒకే మూలానికి రెండు రూపాలని చూపినందుకు 1979లో నోబెల్ వచ్చింది. సృష్టిలో ఏకత్వాన్ని వెతకడం తన 'తౌహీద్' నమ్మకంలోంచే వచ్చిందని ఆయన అనేవారు. అదే సిద్ధాంతానికి ఆయనతో బహుమతి పంచుకున్న స్టీవెన్ వైన్‌బర్గ్ నాస్తికుడు. ఒకరు నమ్మినా ఒకరు నమ్మకపోయినా లెక్క మారలేదని సలామే రాశారు. దేవుణ్ణి లెక్కలో ఇరికించలేదు, లెక్క కోసం దేవుణ్ణి వదులుకోనూ లేదు.

అప్పటికి ఐదేళ్ళ ముందే, 1974 సెప్టెంబరులో, పాకిస్తాన్ రాజ్యాంగాన్ని సవరించి అహ్మదీయులు ముస్లిములు కారని తేల్చేశారు. ప్రభుత్వంలో సలహాదారు పదవి వదిలేశారు గానీ ఆ దేశపు పౌరసత్వం వదల్లేదు. స్టాక్‌హోమ్‌కు అచ్కన్, తలపాగా, ముందు వంపు తిరిగిన జోళ్ళతో వెళ్ళారు. విందులో ఖురాన్ వాక్యం చదివారు. ఆ డిసెంబరులోనే ఇస్లామాబాద్ విశ్వవిద్యాలయంలో సన్మానం, కొందరు విద్యార్థుల బెదిరింపులతో ఆగిపోయింది. 1981లో కలకత్తాకు వచ్చినప్పుడు మాత్రం, లాహోరులో తనకు లెక్కలు చెప్పిన అనిలేంద్ర గంగూలీ గారింటికి వెళ్ళారు. మంచం పట్టిన ఆ హిందూ గురువు చేతిలో తన నోబెల్ పతకం పెట్టారు.

1996 నవంబరు 21న ఆక్స్‌ఫర్డ్‌లో పోయారు. రబ్వాలో ఖననం చేశారు. సమాధి రాయి మీద 'నోబెల్ పొందిన మొదటి ముస్లిం' అని రాస్తే, అధికారుల ఉత్తర్వుతో 'ముస్లిం' అన్న మాట చెరిపేశారు. మిగిలిన వాక్యం అర్థం లేకుండా వేలాడుతోంది.

అహ్మదీయుల నమ్మకం తప్పా ఒప్పా అన్నది మా వాదన కాదు. అది ఉలేమాలు చర్చించుకోవచ్చు. మా ప్రశ్న వేరే. మనిషి గుండెలో ఏముందో తేల్చే అధికారం సర్కారుకు ఎవరిచ్చారు? ఇక్కడ మమ్మల్ని దేశభక్తి రుజువు చేసుకోమంటారు. అక్కడ ఆయన్ని మజహబ్ రుజువు చేసుకోమన్నారు. రెండు తరాజులూ ఒక్క అంగట్లో కొన్నవే. ఉర్దూ రాదనీ, పేరు తెలుగులో ఉందనీ మసీదు మెట్ల మీదే చులకనైన మా దూదేకుల అన్నదమ్ములకు ఆ తరాజు బరువు తెలుసు. సలాంను మావాడని చెప్పుకోవాలంటే ముందు వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోవాలి.