ఇల్లలకగానే పండగ కాదు

"బైండ్ అప్‌డేట్ చేసేశాం, అయిపోయింది." సర్వర్ల పని చేసేవాళ్ళ నోట తరచూ వినే మాట ఇది. నిజంగా అయిపోయిందా అని అడిగితే చాలామందికి చిరాకేస్తుంది. అయినా సరే అడగాల్సిందే అంటాన్నేను. ఎందుకో చెప్పడానికి 2008 నాటి సంగతిని మించిన ఉదాహరణ నాకు కనబడలేదు.

డీఎన్ఎస్‌లో డాన్ కామిన్‌స్కీ (2021లో చనిపోయారు) కనిపెట్టిన లోపం ఆ ఏడాది జులై 8న బయటికొచ్చింది. బైండ్ వాళ్ళు, మైక్రోసాఫ్ట్, సిస్కో.. అందరూ మాట్లాడుకుని ఒకేరోజు ప్యాచ్‌లు వదిలారు.

లోపం ఏమిటంటే, నేమ్ సర్వర్ బయటికి పంపే ప్రతి ప్రశ్నకీ 16 బిట్ల నంబరొకటి తగిలిస్తుంది. అదే నంబరుతో వచ్చిన జవాబును నమ్మేస్తుంది. అంటే 65,536లో ఒకటి ఊహించగలిగితే దొంగ జవాబు చెల్లిపోతుంది. ఒకసారి గురి తప్పితే, క్యాష్‌లో చేరిన అసలు జవాబు గడువు తీరేదాకా దొంగ ఆగాలి కదా అని అంతా ధీమాగా ఉండేవారు. లేనిపోని పేర్లు వరసపెట్టి అడిగిస్తూ పోతే ఆగక్కర్లేదనీ, మొత్తం డొమైన్‌నే దారి మళ్ళించొచ్చనీ కామిన్‌స్కీ చూపించారు. ప్యాచ్ చేసిందల్లా ప్రశ్న బయల్దేరే పోర్టును కూడా ప్రతిసారీ మార్చడం. దాంతో ఊహించాల్సినవి వేల నుంచి వందల కోట్లకి పెరిగాయి.

అసలు తమాషా ఇక్కడుంది. బైండ్ 8.1కి ముందు ప్రశ్నలన్నీ 53వ పోర్టు నుంచే వెళ్ళేవి. ఫైర్‌వాల్ రూల్సూ అలాగే రాసుకున్నారు. తర్వాత బైండ్ మారినా, ఆ ఫైర్‌వాల్‌తో గొడవెందుకని కొందరు నేమ్‌డ్.కాన్ఫ్‌లో 'క్వెరీ-సోర్స్' దగ్గర పోర్టు 53 అని రాసి పెట్టుకున్నారు. ఆ ఒక్క లైను ఉన్నంతకాలం ప్యాచ్ ఉన్న బైండ్ వేసినా పోర్టు మారేది కాదు! ప్యాచ్ ఉండేది, కానీ కాపాడేది కాదు. ఫ్రీబీఎస్‌డీ వాళ్ళు తమ ప్రకటనలో ఈ సంగతి విడిగా హెచ్చరించారు కూడా.

ఫ్రీబీఎస్‌డీలో ఇంకో మెలిక కూడా ఉండేది. 2014 జనవరిలో 10.0 వచ్చేదాకా బైండ్ బేస్ సిస్టమ్‌లోనే వచ్చేది. పోర్ట్స్ నుంచి కొత్తది వేస్తే అది మామూలుగా యూఎస్ఆర్/లోకల్ కింద కూర్చునేది. ఆర్‌సీ.కాన్ఫ్‌లో దారి మార్చకపోతే, రీస్టార్ట్ చేసినా లేచేది పాతదే. 10.0 నుంచి బేస్‌లోకి అన్‌బౌండ్ వచ్చింది, బైండ్ బయటి ప్యాకేజీ అయింది. మెలిక పోయింది గానీ, ప్యాకేజీ మార్చి రీస్టార్ట్ మర్చిపోయే మన అలవాటు పోలేదు.

అందుకే నేను మూడూ విడివిడిగా చూసుకుంటాను. 'నేమ్‌డ్ -వీ' డిస్కు మీద ఏముందో చెబుతుంది. 'ఆర్‌ఎన్‌డీసీ స్టేటస్' ప్రస్తుతం నడుస్తున్నది ఏదో చెబుతుంది. టీసీపీడంప్ పెడితే ప్రశ్నలు నిజంగా ఏ పోర్టుల నుంచి పోతున్నాయో కనబడుతుంది. ఈ చివరిది నాట్ చేసే డబ్బా దాటాక చూడాలి. మన సర్వర్ కలగలిపి పంపిన పోర్టుల్ని బుద్ధిగా వరసలో పేర్చి పంపిన డబ్బాలు కూడా ఉన్నాయి మరి :)

"ఇంత అవసరమా? హెచ్‌టీటీపీఎస్ ఉందిగా" అంటారు. ఉంది, చాలా మేలు చేస్తోంది, కాదనను. కానీ ఆ సర్టిఫికెట్ ఇచ్చేవాడు డొమైన్ ఎవరిదో తేల్చుకోవాలన్నా ముందు డీఎన్ఎస్‌నే అడగాలి. పునాదే కదిలితే పై అంతస్తుకి తాళం వేసి ఏం లాభం?

జీతం పడిందో లేదో చూసుకుందామని బ్యాంకు పేరు టైపు చేసేవాడికి, ఆ పేరును అడ్రసుగా మార్చే నేమ్ సర్వర్ ఎక్కడుందో కూడా తెలీదు. దాన్ని అప్‌డేట్ చేశారా లేదా అని అడిగే దారీ లేదు. అతని తరఫున చూడగలిగింది మనమే. అంచేత టికెట్ క్లోజ్ చేసేముందు, ఆ టీసీపీడంప్ ఏదో ఒక్క ఐదు నిమిషాలు నడిపి చూడండి.