హీటర్ ప్లగ్గు

డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు. గాలిని ఇరుకు చోట గట్టిగా అదిమితే అదే వేడెక్కుతుంది, ఆ వేడిలోకి డీజిల్ చిమ్మితే తనంతట తానే అంటుకుంటుంది. 1897లో ఔగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన ఇంజన్ సూత్రం ఇంతే. సైకిలుకి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వెచ్చగా తగులుతుంది చూడండి, అదే సంగతి. చిక్కల్లా చలితోనే. ఇంజన్ లోహమంతా చల్లగా ఉంటే అదిమిన గాలిలోని వేడిని అదే పీల్చేసుకుంటుంది. అందుకని ఒక్కో సిలిండర్‌లోకి ఒక్కో సన్నటి పుల్ల దూర్చి పెడతారు. తాళం తిప్పగానే కరెంటు అందుకుని కొద్ది సెకన్లలో దాని కొస ఎర్రగా కాలుతుంది. వెయ్యి డిగ్రీల దాకా పోతుంది. పుస్తకాల్లో దాని పేరు గ్లో ప్లగ్. షెడ్డుల్లో మాత్రం హీటర్ ప్లగ్గు.

మైదానంలో ఉండేవాళ్ళకి దీంతో పెద్దగా పని పడదు. కాకినాడలోనో రాజమండ్రిలోనో నాలుగు ప్లగ్గులూ చచ్చి కూర్చున్నా ఇప్పటి కామన్‌రైల్ ఇంజన్ మామూలుగా స్టార్టయిపోతుంది. డాష్‌బోర్డు మీద చుట్టలు చుట్టుకున్న తీగ బొమ్మ పసుపు రంగులో వెలిగి ఆరిపోతుంది, అదెందుకో ఎవరూ అడగరు.

నేను పనిచేసేది చింతపల్లిలో, లంబసింగికి దగ్గర్లో. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరంటారు. జనవరిలో మంచు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఫొటోలు దిగి మధ్యాహ్నానికి కొండ దిగిపోతారు. మాకు తెల్లారి అయిదింటికి బండి తియ్యాలి. అమ్మకి మంగళవారం, శుక్రవారం డయాలసిస్, నర్సీపట్నంలో. ఏడింటికి కుర్చీ దొరక్కపోతే ఆ రోజు ఎప్పటికి అవుతుందో చెప్పలేం.

బండి సెకండ్ హ్యాండుది. ఎనిమిదేళ్ళు కాకినాడలో తిరిగి మా దగ్గరికి వచ్చింది. డిసెంబరు రెండోవారంలో మొరాయించడం మొదలెట్టింది. సెల్ఫ్ కొడుతుంటే దగ్గడం, తెల్లటి పొగ కక్కడం, ఒకటి రెండు సిలిండర్లే అందుకున్నట్టు కుంటడం. ఆ తెల్ల పొగ కాలని డీజిలే. వెనక సీట్లో అమ్మ శాలువా కప్పుకుని ఏమీ అనకుండా కూర్చునేది. ఏమన్నా అన్నా బాగుండేది.

నర్సీపట్నంలో మాకు తెలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నాడు. టెస్ట్ ల్యాంప్ పెట్టి చూశాడు. నాలుగింటిలో రెండు పోయాయి.

"మాస్టారూ, ముందే చెప్పేస్తన్నాను. ఇవి కంపెనీలో బిగించాక మళ్ళీ ఎవరూ విప్పినట్టు లేదు. విరిగితే విరగొచ్చు. ఇరిగాక నన్ననకూడదు."

ఆపరేషన్‌కి ముందు ఆసుపత్రిలో సంతకం పెట్టించుకోవడం మనకి అలవాటే. షెడ్డులో ఈ మాట నేను వినడం అదే మొదటిసారి.

ఆయన భయం ఉత్తది కాదు. చక్రం బోల్టులు బిగించడానికి వంద న్యూటన్ మీటర్లకి అటూ ఇటూగా బలం పెడతారు. పది మిల్లీమీటర్ల మర ఉన్న హీటర్ ప్లగ్గు 35 దగ్గరే తెగొచ్చు, ఎనిమిది మిల్లీమీటర్లదైతే 20కే. పైగా పట్టుకునేది మర ఒక్కటే కాదు. ఏళ్ళ తరబడి మండిన మసి ప్లగ్గు కొసకీ దాని బొక్కకీ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులోకి దూరి రాయిలా గట్టిపడుతుంది. పైన పానా తిరుగుతుంది, కింద కొస కదలదు. మధ్యలో బోలుగా ఉన్న మెడ మెలిపడుతుంది. చలిదేశాల్లో ప్లగ్గు చస్తే వెంటనే తెలుస్తుంది కాబట్టి విప్పుతారు. మన ఎండల్లో అది చచ్చినా తెలియదు, విప్పరు, మసి పేరుకుంటూనే ఉంటుంది. అంటే ఎవరికీ అవసరం పడకపోవడమే దాన్ని బిగించేసింది.

సోమవారం బండి వదిలేశాను. ఘాట్ దిగి వచ్చిన వేడి మీదే పని మొదలెట్టాడు. హెడ్ అల్యూమినియం, ప్లగ్గు ఉక్కు. వేడికి అల్యూమినియం దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి బొక్క కాస్త వదులవుతుంది. తుప్పు వదిలే నూనె పోసి, అరగంట ఆగి, కాస్త విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ కాస్త విప్పి. అలా మొదటిది వచ్చేసింది. రెండోది పావు చుట్టు తిరిగి 'టిక్' అంది. పెద్ద చప్పుడేం కాదు, పెన్సిల్ ములుకు విరిగినంత. ఆయన పానా కింద పెట్టేసి ఎదురు కొట్టుకి వెళ్ళి టీ తాగొచ్చాడు. వచ్చాక, "ఖర్చు నేనే పెట్టుకుంటాను మాస్టారూ," అన్నాడు. ముందు చెప్పిన మాటే మర్చిపోయినట్టు.

షోరూముకి ఫోన్ చేస్తే హెడ్ దించాలి, పది రోజులు, ముప్ఫై వేలు పైమాటే అన్నారు. మా బావమరిది ఫోన్లో, "వాడి చేతిలో విరిగింది, వాడే పెట్టుకోవాలి బావా," అని తీర్పిచ్చేశాడు. నాకది న్యాయంగా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించడం లేదు. విరిచింది ఆయన చెయ్యే, నిజం. కానీ ఎనిమిదేళ్ళ మసికి ఆయన జేబులోంచి కూలి ఇప్పిస్తే, రేపు ఇలాంటి పని ఏ మేస్త్రీ ముట్టుకోడు. 'ఏం లేదండీ, చలికి అలాగే ఉంటాది,' అని పంపించేస్తాడు. అదే మాట నాకూ చెప్పి ఉండొచ్చు ఆయన.

మంగళవారం అమ్మని కిరాయి జీపులో తీసుకెళ్ళాం. బుధవారం గాజువాక ఆటోనగర్ నుంచి ఆయన గురువుగారు బస్సులో దిగారు. అరవై దాటిన మనిషి, చేతిలో బిస్కెట్ల డబ్బా. అందులో బిట్లు, ట్యాపులు, లేత్ మీద సొంతంగా తీసుకున్న ఇత్తడి గొట్టం ముక్కలు. ముందుగా బయటికొచ్చిన పాత ప్లగ్గు అడిగి స్కేలు పెట్టి కొలిచి, చాక్‌పీసుతో గోడ మీద ఆ పొడవు గీసుకున్నారు. ఎందుకని అడిగితే, "ఆఖర్న పనికొస్తాది బాబూ," అన్నారు.

మొదట మధ్యలో ఉన్న తీగలాంటి కడ్డీని లాగేశారు. ఆ బొక్కలో ఇత్తడి గొట్టం కూర్చి, దానిలోంచి బిట్టు దించారు. ఉక్కు గట్టిది, చుట్టూ అల్యూమినియం మెత్తది. దారి చూపించేది లేకపోతే బిట్టు మెత్తటి వైపుకే జారుతుంది, హెడ్ పాడవుతుంది. బిట్టు కూడా ఎడమకి తిరిగేది, తొలుస్తున్నప్పుడే ముక్క విప్పే వైపు కదలాలని. బిట్టుకి గ్రీజు పూసి రెండు చుట్లు తొలవడం, తీసి రజను తుడవడం, మళ్ళీ గ్రీజు. ఒక రవ్వ సిలిండర్‌లోకి జారిందా, పిస్టన్‌కీ గోడకీ మధ్య అది చేసే పని చెప్పక్కర్లేదు. ఒక్కో సైజూ పెంచుకుంటూ మర భాగం డొల్లగా మిగిలే దాకా తొలిచి, ఆ డొల్లని పురిపెట్టి లాగేశారు. దానికి మూడు గంటలు పట్టింది. మధ్యలో ఒక్కసారి కూడా, "అయిపోయినట్టే," అనలేదు.

మిగిలింది కొస. దాని లోపల సన్నటి ట్యాపుతో మర కోసి, బోల్టు ఎక్కించి, జారే సుత్తి తగిలించి పైకి కొట్టారు. తొమ్మిదో దెబ్బకో పదో దెబ్బకో నల్లగా మసిబారిన పుల్ల ఊడొచ్చింది.

అప్పుడు గోడ దగ్గరికి వెళ్ళారు. విరిగిన తల, తొలిచిన మర పొడవు, కొస అన్నీ వరసగా గీతకి ఆనించి చూశారు. సరిపోయింది. అంటే లోపల ఏమీ మిగల్లేదు. అయినా ఇంజెక్టర్ విప్పించి, సెల్ఫ్ కొట్టించి, రజనుంటే గాలితో బయటికి ఊదేలా చేశారు. బొక్కలో మసి గీకి, కొత్త ప్లగ్గులు రెండూ చేతి వేళ్ళతో ఎక్కించి, చివర్న మాత్రమే టార్క్ పానా పట్టారు.

మిగతా రెండూ కూడా మార్చేయమన్నాను. నాలుగూ ఒకేసారి మార్చాలని కంపెనీవాళ్ళు అంటారు కదా.

"ఎలుగుతున్నాయి కదా, ఉండనీ. ఏప్రిల్లో తీసుకురా, ఎండకి కాగి ఉంటాది. అప్పుడు చూద్దాం," అన్నారు పెద్దాయన. శుక్రవారం ముందుందని మేస్త్రి ఆయన చెవిలో వేశాడేమో తెలీదు.

పెద్దాయన నాలుగు వేలు తీసుకున్నారు, బస్సు ఛార్జీ వద్దన్నారు. మేస్త్రి ప్లగ్గుల ఖరీదు తప్ప ముట్టనని మొండికేశాడు. చాలాసేపు అయ్యాక సగం కూలి తీసుకున్నాడు. శుక్రవారం అయిదింటికి చింతపల్లిలో బండి ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది. అమ్మ, "ఇవాళ పొగ లేదేట్రా," అంది.

ఆ విరిగిన ముక్కలు మేస్త్రి నాకివ్వలేదు. రేకు మీద తీగతో వరసగా కట్టి షెడ్డు గుమ్మం పక్కన వేలాడదీశాడు. డీజిల్ బండి ఎవరైనా తెస్తే ముందు అది చూపించి, తర్వాతే బోనెట్టు ఎత్తుతున్నాడట.